వీణతో విమానం ఎక్కేముందు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఎండాకాలం సెలవులు దగ్గరపడ్డాయంటే చాలు, ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో సగం ఒకే విషయం మీద ఉంటాయి, వీణని విమానంలో ఎలా తీసుకెళ్ళాలండీ అని. ఒక్కొక్కరికి విడివిడిగా రాయడం కుదరట్లేదు, అందుకని ఈసారి పేజీలన్నీ దానికే ఇచ్చేస్తున్నా. నేను వీణ నేర్పిస్తా, చిన్న చిన్న రిపేర్లు ఇంట్లోనే చేసుకుంటా, నా వీణ, శిష్యుల వీణలు కలిపి చాలాసార్లే విమానం ఎక్కించా. అన్నీ క్షేమంగా చేరాయి, రెండు తప్ప. ఆ రెండిటి గురించి కూడా కింద చెప్తా, ఎందుకంటే నేను నేర్చుకున్నదంతా ఆ రెండిటి దగ్గరే.

ప్రశ్న: నమస్తే అమ్మా. మాది కాకినాడ. జూన్‌లో డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాను. మనవరాలు అక్కడ అద్దె వీణ మీద నేర్చుకుంటోంది. నా పెళ్ళికి మా నాన్నగారు బొబ్బిలిలో చేయించి ఇచ్చిన ఏకాండి వీణ, అంటే ఒకే కర్రలో తీసినది, ఇంట్లో ఊరికే ఉంది, దాన్ని పిల్లకి ఇచ్చేద్దామని నా కోరిక. సామాన్లలో వేస్తే ముక్కలు చేతికొస్తాయని అందరూ భయపెడుతున్నారు. మా అల్లుడుగారేమో కొత్తది కొంటాలెండి అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: తీసుకెళ్ళండమ్మా. భయం ఉండాల్సిందే, కానీ ఆ భయంతో ఆగిపోవద్దు, ఆ భయమంతా పెట్టె సర్దడంలో పెట్టండి. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఇప్పటికీ పనస దుంగ తొలిచి గుండ్రటి కుండ, పొడుగు దండి ఒకే కర్రలో తీసే చేతులున్నాయి, కానీ మీ నాన్నగారు చేయించిన ఆ కర్ర ఇన్నేళ్ళు మోగి మోగి పదునెక్కిన కర్ర, ఆ నాదం కొత్తదానికి రావడానికి మీ మనవరాలు పెద్దదైపోతుంది.

ముందు ఒక విషయం మనసులోంచి తీసెయ్యండి. పైకెళ్ళాక గాలి ఒత్తిడికి వీణ పగులుతుందని చాలామంది అనుకుంటారు. కాదండీ, ప్రయాణికుల విమానాల్లో కింద సామాన్లు పెట్టే చోట కూడా పైన మనం కూర్చునే చోట ఉండే ఒత్తిడే ఉంటుంది, చలి కాస్త ఎక్కువ ఉండొచ్చు అంతే. దెబ్బ తగిలేదంతా నేల మీదే, బెల్టు మీంచి బండిలోకి, బండిలోంచి విమానంలోకి వేసేటప్పుడు. పెట్టె కింద పడిందనుకోండి, పెట్టె ఆగిపోతుంది, లోపల వీణ ఆగదు. బరువంతా కుండ వైపు ఉంటుంది, దండి పొడుగ్గా ఉంటుంది, కుండ ఒకలా కదిలి దండి ఇంకోలా ఊగితే ఆ రెండూ కలిసే మెడ దగ్గర కర్ర విడిపోతుంది. అతుకు వీణ అయితే సరిగ్గా అతుకు దగ్గరే. ఏకాండికి ఆ అతుకు లేదు కాబట్టి మీకు అక్కడ కొంచెం ధైర్యం, కానీ అవతలి చివర యాళి ఉంది చూశారా, వంగి ముందుకొచ్చిన ఆ చెక్కిన జంతువు తల, అది ఏ వీణకైనా ప్రమాదమే. మా శిష్యురాలి వీణ అలాగే పోయింది. పెట్టె మీద గీత కూడా లేదు, ఫైబర్ పెట్టె, ఖరీదైనదే. మూత తీస్తే యాళి తల విరిగి పక్కన పట్టుగుడ్డలో పడుంది, రంగులేసిన కన్ను పైకి చూస్తూ. ఆ పిల్ల ఏడవలేదు, ఆ తలని చేత్తో తీసుకుని విరిగిన చోట మళ్ళీ పెట్టి చూసింది, అతుక్కుంటుందేమో అన్నట్టు. అప్పట్నుంచి నేను అందరికీ చెప్పేది ఒకటే, పెట్టె ఎంత గట్టిది అని కాదు, లోపల వీణ కదులుతోందా లేదా అని చూడండి.

ఇక సర్దడం. గట్టి ఫైబర్ పెట్టె తప్పనిసరి, రెగ్జిన్ సంచీలు, గుడ్డ కవర్లు పక్కింటికి తీసుకెళ్ళడానికే. పెట్టెకి చక్రాలుంటే మంచిది, దొర్లించుకుపోయేదాన్ని ఎవరూ ఎత్తి విసరరు. బయల్దేరే ముందు రోజు సాయంత్రం తీరిగ్గా కూర్చోండి, రాత్రి పదకొండింటికి హడావిడిగా చెయ్యొద్దు.

మొట్టమొదట సొరకాయ బుర్ర విప్పేయండి, దాని మర తిప్పితే వచ్చేస్తుంది. అది పెట్టెలో పెట్టకండి, తేలిగ్గా ఉంటుంది కదా, లోపల మెత్తటి బట్టలు కుక్కి చేతి సంచీలో మీతోనే ఉంచుకోండి. మర మేకు పోతే అక్కడ దొరకదు, దాన్ని చిన్న డబ్బాలో వేసి బుర్రలోనే పెట్టండి.

తర్వాత గుర్రం, అంటే తీగలు ఆనుకునే వంతెన. కుండ పలక మీద గుర్రం నిలబడేది తీగల బిగువు వల్లే, అంతేగా, జిగురేం ఉండదు దాని కింద. తీగలు బిగించి ఉన్నప్పుడు పై నుంచి దెబ్బ తగిలితే ఆ గుర్రం కాళ్ళు పలకలోకి దిగబడతాయి, పలక చీలుతుంది. అందుకని కొందరు శ్రుతి నాలుగైదు స్వరాలు దించి అలాగే వదిలేస్తారు, కొందరు గుర్రం పూర్తిగా తీసేస్తారు. నన్నడిగితే తీసేయమనే చెప్తా. కానీ తీసేముందు అది ఎక్కడుందో గుర్తు పెట్టుకోవాలి, ఇది మాత్రం మర్చిపోకండి, ఎందుకంటే దండి మీది 24 మెట్లూ ఆ గుర్రం ఉన్న చోటుని బట్టే కట్టి ఉంటాయి, నూలుపోగంత జరిగినా పై స్థాయిలో అపస్వరం పలుకుతుంది. చుట్టూ కాగితం టేపు అంటించి దాని మీద సన్నగా పెన్సిల్ గీత గియ్యండి, స్కేలు పక్కన పెట్టి ఫోన్‌లో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి. పలక మీద గట్టి ప్లాస్టిక్ టేపు వద్దు, పాలిష్ ఊడొస్తుంది.

గుర్రం తీశాక తీగలు వదులుగా వేలాడతాయి, అవి మెట్లకీ పలకకీ రాసుకోకుండా మెట్ల మీద పొడుగ్గా ఒక పాత పంచె ముక్క పరిచి తీగలు దాని మీదకి రానివ్వండి. శ్రుతి సరిచేసుకునే లంగర్లు పలక మీద గీతలు పెట్టేస్తాయి, వాటికి వేరే చిన్న గుడ్డ చుట్టండి. తీగలు బిగించే బిరడలు ఊడి దొర్లకుండా మెత్తగా లోపలికి తోసి, వాటి చుట్టూ కూడా ఒక గుడ్డ. పక్కనుండే మూడు తాళం తీగల్ని చాలామంది మర్చిపోతారు, అవి కూడా వదులు చెయ్యండి.

ఇప్పుడు అసలైన పని. పెట్టెలో ఖాళీ అనేది లేకుండా నింపాలి, కానీ గట్టిగా కుక్కకూడదు. నేను వాడేది మా అమ్మ పాత నేత చీరలు. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీర మడత పెట్టి దండి కింద ఈ కొస నుంచి ఆ కొస దాకా పరిస్తే దండి దాని మీద పడుకుంటుంది, ఎక్కడా గాల్లో తేలదు, ఫోమ్ షీట్ల కన్నా నాకు అదే నమ్మకం, పైగా చెమ్మ పీల్చుకుంటుంది. దండి కుండలో కలిసే మెడ కింద ఇంకో మడత ఎక్కువ వెయ్యండి. కుండ చుట్టూ పక్కల నుంచీ పట్టుకునేలా సర్దండి, పలక మీద మాత్రం మెత్తగా ఒక పొర చాలు, మూత వేస్తే పలకని నొక్కకూడదు.

యాళి దగ్గర మాత్రం దీనికి తిరగేసి చెయ్యాలి. తల చుట్టూ ఏమీ కుక్కొద్దు. తలకి కొంచెం ముందు దండి కింద గట్టి మడత వేసి అక్కడ పట్టు ఇవ్వండి, తల మాత్రం పెట్టె గోడకి గానీ అడుగుకి గానీ తగలకుండా ఖాళీలో ఉండాలి. పెట్టె నిలువుగా పడినప్పుడు తల ముందుగా గోడకి కొట్టుకోకుండా ఉండడానికే ఇది. మా శిష్యురాలి వీణకి జరిగింది అదే, తల చుట్టూ బట్టలు గట్టిగా కుక్కేశాం, దెబ్బంతా నేరుగా తలకే వెళ్ళింది.

అంతా అయ్యాక మూత వేసి పెట్టెని ఇద్దరు పట్టుకుని ఎత్తి, ఒక కొస పైకి, ఇంకో కొస కిందకి, పక్కకి, మెల్లగా వంచి చూడండి, చెవి పెట్టి వినండి. లోపల్నించి చిన్న డబ్ అన్న శబ్దం వచ్చినా మళ్ళీ విప్పాల్సిందే, విసుక్కోకుండా విప్పండి. నాకు ఒక్కోసారి మూడు నాలుగుసార్లు అవుతుంది.

ఇంకోటి, అమెరికా విమానాశ్రయాల్లో సెక్యూరిటీ వాళ్ళు మీరు లేకుండానే పెట్టె తెరిచి చూసే అవకాశం ఉంది. మామూలు తాళం వేస్తే పగలగొడతారు, వాళ్ళ దగ్గర తాళంచెవి ఉండే టీఎస్ఏ తాళాలు మన బ్యాగుల షాపుల్లోనే దొరుకుతాయి, అవి వెయ్యండి. మూత తీయగానే కనపడేలా ఒక కాగితం అంటించండి, ఇది సంగీత వాయిద్యం, చాలా సున్నితం, తీసిన చోటే మళ్ళీ ఇలాగే పెట్టండి అని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు, కింద సర్దిన పెట్టె ఫోటో ఒకటి ప్రింట్ తీసి. వాళ్ళు మన వీణ ఎప్పుడూ చూసుండరు, ఏది ఎక్కడుండాలో ఫోటో చూస్తేనే తెలుస్తుంది.

ఆఖరుగా, ఎండ. ఇది నా వీణ కథ. ఒక మే నెలలో విజయవాడ నుంచి శంషాబాద్‌కి కారులో బయల్దేరా, వీణ వెనక డిక్కీలో. దారిలో భోజనానికి ఆగాం, కారు ఎండలో. అవతలి దేశంలో దిగి హోటల్ గదిలో పెట్టె తెరిస్తే ముందు మైనం వాసన గుప్పుమంది, చూస్తే మైనంలో కూర్చోబెట్టిన మెట్లన్నీ గాలికి వాలిన వరిచేనులా ఒక పక్కకి వాలిపోయున్నాయి. విమానం వాళ్ళ తప్పేం లేదు, అది డిక్కీలోనే అయిపోయింది. తేనెమైనం పూర్తిగా కరగడానికి 62 డిగ్రీల పైన వేడి కావాలి కానీ అంతకు చాలా ముందే మెత్తబడుతుంది, ఎండలో మూసిపెట్టిన కారు లోపల ఆ వేడి ఎక్కడం ఎంతసేపండీ. మర్నాడు కచేరీ, రాత్రంతా కూర్చుని స్పూను వేడి చేసి ఒక్కో మెట్టు నిలబెట్టుకున్నా. మీరు కాకినాడ నుంచి హైదరాబాద్ ఎలా వచ్చినా సరే, వీణ ఏసీలో మీ పక్కన ఉండాలి, డిక్కీలో కాదు, టీకి దిగినా ఎవరో ఒకరు కారులో ఏసీ వేసుకుని కూర్చోండి. విమానం కూడా రాత్రిది దొరికితే మరీ మంచిది, రన్‌వే పక్కన బండి మీద సామాన్లు ఎండలో పడుండవు.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వీకెండ్స్‌లో కచేరీలు చేస్తుంటా. ఇదంతా ఎందుకు, వీణకి ఇంకో టికెట్ కొని పక్క సీట్లో కూర్చోబెట్టుకుంటే సరిపోదా? లేదా కార్గోలో ముందే పంపేస్తే?

జవాబు: సీటు కొనడం అనేది ఉంది, చెల్లో వాళ్ళు అలాగే తీసుకెళ్తారు. కానీ వీణ నాలుగడుగుల పైన పొడుగు, దానికి కుండ వెడల్పు, పెట్టెతో సహా సీట్లో నిలబెట్టి బెల్టు కట్టాలంటే చాలా విమానాల్లో పట్టదు, ఒక్కో ఎయిర్‌లైన్ ఒక్కో ఎత్తు దాకే ఒప్పుకుంటుంది. అందుకని ఆన్‌లైన్‌లో రెండు టికెట్లు కొనేసి వెళ్ళిపోవద్దు, ముందు పెట్టె కొలతలు సెంటీమీటర్లలో కొలిచి, ఫోన్ చేసి, ఆ తర్వాత మెయిల్ పెట్టి, వాళ్ళు సరే అన్న మెయిల్ ప్రింట్ తీసుకుని దగ్గర పెట్టుకోండి. కౌంటర్ దగ్గర ఫోన్‌లో చెప్పారండీ అంటే ఎవరూ వినరు.

చెక్-ఇన్ సామాన్లకి ఎక్కువ ఎయిర్‌లైన్స్ పెట్టే లెక్క, పొడుగు వెడల్పు ఎత్తు మూడూ కలిపి 158 సెంటీమీటర్లు. నా వీణ పెట్టె కలిపితే 230 దాకా వస్తుంది, అంటే ఓవర్‌సైజ్ కింద లెక్క, డబ్బు కట్టాలి, ముందే చెప్పి బుక్ చేయించుకోవాలి. బరువు సమస్య కాదు, పెట్టెతో కలిపి 16 కిలోలే తూగుతుంది నాది. అమెరికా ఎయిర్‌లైన్స్‌కి మాత్రం అక్కడి ప్రభుత్వం రూలే పెట్టింది, 2015 మార్చి 6 నుంచి అమల్లో ఉంది, చిన్న వాయిద్యాలు పైన అరలో పట్టేలా ఉండి అక్కడ చోటుంటే చేతి సామానుగా ఒప్పుకోవాలి, పెద్దవి మూడు కొలతలు కలిపి 150 అంగుళాలు, బరువు 165 పౌండ్లు దాటకపోతే చెక్-ఇన్‌లో తీసుకోవాలి, మామూలు ఛార్జీలు తీసుకుని. వీణ ఆ లెక్కలో హాయిగా పట్టేస్తుంది. కానీ మీరు సగం దారి ఒక ఎయిర్‌లైన్, సగం దారి ఇంకో ఎయిర్‌లైన్ మీద వెళ్తుంటే ఇద్దరినీ అడగాలి, అమెరికా లోపల చివరి ముక్క చిన్న విమానంలో వేస్తారు, దాని తలుపులో పెట్టె దూరకపోతే అక్కడ ఇరుక్కుపోతారు. వీలైతే నేరుగా వెళ్ళే ఫ్లైటే తీసుకోండి, పెట్టెని ఎత్తి దించే చేతులు ఎంత తక్కువైతే అంత మంచిది, దానికి నాలుగు వేలు ఎక్కువైనా నేను పెట్టుకుంటా.

కౌంటర్‌లో ఫ్రాజైల్ స్టిక్కర్ వేయించుకోండి కానీ దాన్నే నమ్ముకోవద్దు. ఓవర్‌సైజ్ సామాను విడిగా తీసుకునే చోటు ఉంటుంది, పెట్టె అక్కడ మనిషి చేతికి ఇచ్చి, నమస్కారం పెట్టి, ఇది వీణండీ, సరస్వతీదేవి చేతిలో ఉండేది అని చెప్పండి. మన దగ్గర ఆ మాటకి విలువుంది, నేను చూశా, ఒకబ్బాయి చెప్పులు పక్కన విడిచి పెట్టె అందుకున్నాడు. దిగాక కూడా మామూలు బెల్టు దగ్గర నిలబడి పోయిందేమో అని కంగారు పడకండి, ఓవర్‌సైజ్‌వి వేరే తలుపులోంచి వస్తాయి.

కార్గో అంటే, ఇల్లు మారిపోయేవాళ్ళకి సరే. చెక్క పెట్టె కొట్టించుకుంటే ఒకటి చూసుకోండి, పచ్చి చెక్కతో చేసిన ప్యాకింగ్‌కి వేడి చేసి శుద్ధి చేసినట్టు ఐపీపీసీ ముద్ర ఉండాలి, లేకపోతే అవతలి దేశంలో ఆపేస్తారు, ప్లైవుడ్‌కి ఆ బాధ లేదు. కానీ కార్గో గోడౌన్‌లో పెట్టె ఎన్ని రోజులు ఏ ఎండలో ఉంటుందో మన చేతిలో ఉండదు. అందుకే నాకు మనసొప్పదు, నేను ఎక్కిన విమానంలోనే నా వీణ ఉండాలి.

ప్రశ్న: విజయనగరం నుంచి. మా ముత్తాత గారి వీణ, ఇంట్లో వాళ్ళ లెక్క ప్రకారం 100 ఏళ్ళ పైనే. పలక అంచుల చుట్టూ తెల్లటి పొదుగు పని ఉంది, దంతం అంటారు. మా అబ్బాయి లండన్ పట్టుకొచ్చెయ్యమంటున్నాడు.

జవాబు: దీన్ని విమానం ఎక్కించొద్దు. ఈ ఉత్తరం చూడగానే నాకు గుండె ఝల్లుమంది. ఏనుగు దంతం దేశాల మధ్య తిరగడానికి నిషేధం ఉంది, మన 1972 వన్యప్రాణి చట్టం కూడా చాలా కఠినం, విమానాశ్రయంలో పట్టుకుంటే వీణ జప్తు అవ్వడమే కాదు, కేసు మీ మీద. పాత వీణల్లో జింక కొమ్ముతో పొదిగినవి కూడా చాలా ఉన్నాయి, దానికీ ఇదే గతి. ఇక 100 ఏళ్ళు దాటిన కళాఖండాలకి విడిగా 1972లోనే వచ్చిన పురావస్తువుల చట్టం వర్తిస్తుంది, అలాంటివి మామూలు మనుషులు దేశం బయటికి తీసుకెళ్ళకూడదు. మీ వీణకి అంత వయసు లేదు అనుకుంటే పురావస్తు శాఖ వాళ్ళకి చూపించి, పురావస్తువు కాదని సర్టిఫికెట్ తీసుకోవాలి, ఆ తెల్లటి పని ఏమిటో తెలిసినవాళ్ళతో తేల్చుకోవాలి, ఈ రెండూ అయ్యాకే మిగతా మాట. నా మాట వింటే అది విజయనగరంలోనే ఉండనివ్వండి. వీణకి పేరున్న ఊరు మీది, 1919లో మహారాజావారు పెట్టిన సంగీత కళాశాల మీ ఊళ్ళోనే ఉంది, అక్కడి మేష్టార్లకి చూపించి తీగలు వేయించి మోగించండి. మీ అబ్బాయికి కొత్త బొబ్బిలి వీణ చేయించి పంపండి, పనసకర్రకీ ప్లాస్టిక్ పొదుగుకీ ఎవరూ అడ్డు చెప్పరు.

ప్రశ్న: చికాగో నుంచి రాస్తున్నా మేడమ్. డిసెంబర్‌లో నూజివీడు వీణ తెచ్చుకున్నా, పెట్టె బాగానే చేరింది, ఆత్రంగా అప్పుడే తెరిచేశా. వారం తిరిగేసరికి రెండు మెట్లు మైనం నుంచి టక్కున ఊడిపోయాయి. జనవరి చివరికి పలక మీద వెంట్రుకంత పగులు. ప్యాకింగ్‌లో తప్పా?

జవాబు: ప్యాకింగ్ తప్పు కాదు నాన్నా, గాలి తేడా. నూజివీడు గాలిలో ఏడాది పొడుగునా చెమ్మ ఉంటుంది, పనసకర్ర దానికి అలవాటు పడింది. విమానం లోపల గాలి తేమ 20 శాతం కన్నా తక్కువ, మీ ఇంట్లో చలికాలం హీటర్ వేస్తే అక్కడా అంతే. కర్రలో ఉన్న చెమ్మ అంతా లాగేస్తుంది, కర్ర ముడుచుకుంటుంది, పలక సన్నం కాబట్టి ముందు అది పగులుతుంది. మైనం సంగతి వేరే, అది ఎండకి మెత్తబడ్డట్టే చలికి పెళుసెక్కుతుంది, అందుకే మెట్టు వాలకుండా టక్కున ఊడింది.

ఇంకెప్పుడైనా తెచ్చుకుంటే పెట్టె ఇంట్లోకి తేగానే తెరవొద్దు. బయట మంచులోంచి వచ్చిన పెట్టెని ఒక రాత్రంతా అలాగే గదిలో ఒక మూల, హీటర్‌కి దూరంగా, పడుకోబెట్టి ఉంచండి, మర్నాడు తెరవండి. తెరిచాక కూడా శ్రుతి ఒక్కసారే పైకి ఎక్కించకండి, రెండు మూడు రోజుల్లో మెల్లగా ఎక్కించండి. గదిలో తేమ కొలిచే చిన్న మీటర్ ఒకటి కొనుక్కోండి, 40 నుంచి 60 శాతం మధ్యలో ఉండేలా హ్యుమిడిఫయర్ పెట్టుకోండి, పెట్టె లోపల గిటార్ వాళ్ళు వాడే తేమ ప్యాకెట్లు వెయ్యండి, కర్రకి తగలకుండా. ఇప్పుడున్న పగులుకి మీరేమీ పొయ్యకండి, ఫెవికాల్ అసలొద్దు. శ్రుతి దించేసి, గదిలో తేమ పెంచి ఒక నెల చూడండి, సన్నటి పగుళ్ళు చాలావరకు వాటంతటవే దగ్గరకొస్తాయి, అప్పుడు వయొలిన్ రిపేర్ చేసేవాళ్ళకి చూపిస్తే పలక కింద నుంచి పట్టు వేస్తారు. ఊడిన మెట్లు పారెయ్యకుండా ఏది ఎన్నోదో కాగితం చుట్టి రాసి పెట్టుకోండి. మేళం కట్టేవాళ్ళు, అంటే మెట్లు మైనంలో కూర్చోబెట్టేవాళ్ళు, మీ దగ్గర లేకపోతే ఆ రెండు మెట్లూ మీరే కూర్చోబెట్టుకోవచ్చు, వీడియో కాల్‌లో మీ గురువుగారు వింటూ ఉంటే ఇంకా మంచిది.

ప్రశ్న: విరిగితే డబ్బులిస్తారా?

జవాబు: కొంత ఇస్తారు, మీరు సరిగ్గా అడిగితే. దెబ్బ తగిలిందని అనుమానం ఉంటే విమానాశ్రయంలోంచి బయటికి అడుగు పెట్టకముందే పెట్టె తెరవాలి. పైన చికాగో అమ్మాయికి వెంటనే తెరవొద్దన్నా, ఇక్కడ తెరవమంటున్నా, అయోమయపడకండి. పెట్టె మీద దెబ్బ కనిపించినా, కదిపితే లోపల ఏదో దొర్లుతున్నట్టు అనిపించినా మాత్రం అక్కడే తెరవండి. పెట్టె, లోపల వీణ, సామాను ట్యాగు, అన్నీ ఫోటోలు తీసి, అక్కడున్న బ్యాగేజ్ కౌంటర్‌లో రిపోర్టు రాయించి కాపీ తీసుకోండి. ఇంటికెళ్ళాక తెలిస్తే అంతర్జాతీయ ప్రయాణాల్లో 7 రోజుల్లోపు రాతపూర్వకంగా కంప్లైంట్ ఇవ్వాలి, ఎనిమిదో రోజు ఇస్తే వినే అవసరం వాళ్ళకి లేదు. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకి వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం ఒక ప్రయాణికుడి సామానుకి పరిమితి 2024 డిసెంబర్ 28 నుంచి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కగట్టే ఒక కొలమానం), రూపాయల్లో లక్షన్నర పైమాటే, మీకు దెబ్బ తగిలిన విలువని బట్టి అంతలోపు. అంతకన్నా విలువైన వీణ అయితే చెక్-ఇన్ అప్పుడే విలువ ప్రకటించి అదనంగా డబ్బు కట్టే పద్ధతి ఉంది, లేదా బయట వాయిద్యానికి ఇన్సూరెన్స్ చేయించుకోండి, వీణ కొన్న బిల్లు లేదా తయారుచేసిన వాళ్ళ దగ్గర రాయించుకున్న విలువ కాగితం దగ్గర పెట్టుకోండి.

కౌంటర్‌లో సున్నితమైన సామానుకి ఒక ట్యాగు మీద సంతకం పెట్టమంటారు, చాలామంది చూడకుండా పెట్టేస్తారు. లిమిటెడ్ రిలీజ్ అని ఉంటుంది దాని మీద, ప్యాకింగ్ సరిగ్గా లేదనో, సామాను స్వతహాగా సున్నితమనో, విరిగితే మా బాధ్యత లేదని దానర్థం. ఏ గడిలో టిక్ పెట్టారో చదవండి. గట్టి పెట్టెలో ఉంది కదండీ, ప్యాకింగ్ సరిపోదని ఎందుకు రాస్తున్నారు అని మర్యాదగా అడగండి, నేనడిగితే రెండుసార్లు ఆ టిక్ తీసేశారు.

ప్రశ్న: మా పాప క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధన పోటీలకి వెళ్తోంది, వయొలిన్. వీణంత కష్టం ఉండదనుకుంటా?

జవాబు: ఉండదు, కానీ చేతిలోంచి వదలొద్దు. వయొలిన్ పెట్టె చేతి సామాను కొలత కన్నా పొడుగే కానీ పైన అరలో పట్టేస్తుంది. త్వరగా బోర్డింగ్ అయ్యేలా చూసుకోండి, అరలు నిండిపోతే కిందకి పంపిస్తామంటారు, అప్పుడు ఒప్పుకోవద్దు, సిబ్బంది కోటు అల్మారాలో చోటుందేమో అడగండి. కమాను వెంట్రుకలు వదులు చెయ్యండి, ఇది పిల్లలు రోజూ మర్చిపోయేదే. తీగలు ఒకటి రెండు స్వరాలు దించితే చాలు, మొత్తం వదిలేస్తే లోపల నిలబెట్టిన కర్రపుల్ల పడిపోతుంది, మళ్ళీ దాన్ని నిలబెట్టడం అందరికీ రాదు.

ప్రశ్న: విడదీసి మళ్ళీ బిగించుకునే వీణలు వచ్చాయంటున్నారు. కొనొచ్చా?

జవాబు: ఏడాదికి ఆరుసార్లు విమానం ఎక్కేవాళ్ళయితే కొనండి, దండి విడిగా కుండ విడిగా రెండు చిన్న పెట్టెల్లో వచ్చేస్తాయి, తిరగడానికి హాయి. నాదం విషయంలో మంచి పనివాడు చేసినదానికి పెద్ద తేడా ఉండదని అనేవాళ్ళున్నారు, నా చెవికి మంద్రంలో, అంటే కింది స్వరాల్లో, తేడా తెలుస్తుంది. కొనేముందు మీ ఎదురుగా రెండుసార్లు విప్పించి బిగించమనండి, బిగించాక మెట్ల వరస తిన్నగా వస్తోందా, శ్రుతి నిలుస్తోందా చూసుకోండి.

ప్రశ్న: తంబురా కూడా తీసుకెళ్ళాలా, ఎలక్ట్రానిక్ శ్రుతి బాక్స్ చాలా?

జవాబు: శ్రుతి బాక్స్ చాలు, కాకపోతే చేతి సంచీలో పెట్టుకోండి, పవర్ బ్యాంక్ కూడా అంతే, పవర్ బ్యాంకుల్ని అసలు కింద సామాన్లలో వెయ్యనివ్వరు. ఇంట్లో పాత తంబురా ఉంటే మాత్రం మీరు లేనన్నాళ్ళు గోడకి ఆనించి వదిలెయ్యకండి, తీగలు కొంచెం దించి, గుడ్డ కప్పి, ఎవరైనా వారానికొకసారి మీటేవాళ్ళింట్లో పెట్టి వెళ్ళండి.